నిద్రలో పోయిన వాక్యం

నేను వైద్యం చదివింది ఉర్దూలో. ఈ మాట అంటే ఇప్పటి కుర్ర డాక్టర్లు వేళాకోళం అనుకుంటారు. నిజాం రాజ్యంలో మాకు శరీరంలోని ప్రతి ఎముకకూ, ప్రతి నరానికీ ఉర్దూలోనే పేరు. పోలీసు చర్య తర్వాత నేను ఆదిలాబాదులో నౌకరీలో చేరేసరికి అంతా ఇంగ్లీషు అయిపోయింది. చదువు ముగిశాక చదువు భాష మారితే ఎలా ఉంటుందో పడినవాడికే తెలుసు. అక్కడి రోగులేమో కంటిని డోళా అనేవాళ్ళు, తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగించేవాళ్ళు. వాళ్ళు చెప్పింది ఉర్దూలో అర్థం చేసుకుని, చీటీ ఇంగ్లీషులో రాసి, మందు వాడే పద్ధతి తెలుగులో చెప్పి, సాయంత్రానికి నోరు పడిపోయి ఇల్లు చేరేవాణ్ణి.

తర్వాత కరీంనగర్ జిల్లాకు బదిలీ అయింది. పెద్దపల్లికీ హుజూరాబాద్‌కూ నడుమ ఒక చిన్న ఆస్పత్రి. ఊరి పేరు చెప్పను, నేను చేసిన తప్పుతో ఆ ఊరికి సంబంధం లేదు. కంటి డిప్లొమా ఉంది కాబట్టి నన్ను కండ్ల డాక్టరు అన్నారు. అన్నారే గానీ పాము కాట్లూ, పురుళ్ళూ, తేలు కుట్టినవాళ్ళూ అన్నీ నా నెత్తినే. వరి కోతలు మొదలైతే మాత్రం నిజంగానే కండ్ల డాక్టర్నయ్యేవాణ్ణి. కార్తీకం నుంచి పుష్యం దాటేదాకా కల్లాల్లో బంతి కట్టి వరి మీద ఎడ్లను తిప్పుతారు, వడ్లు తూర్పారబడతారు. గాలికి లేచిన పొట్టు కంట్లో పడుతుంది. పడ్డవాళ్ళు కన్ను నలుపుకుంటారు, నల్లగుడ్డు మీద గీత పడుతుంది, గీత పుండవుతుంది. పుండు మానినా తెల్లటి మచ్చ మిగులుతుంది. జనం దాన్ని పువ్వు అంటారు. ఎంత ముద్దైన పేరో! ఆ పువ్వు నడిమధ్య పడితే మనిషికి పగలూ రాత్రీ ఒకటే.

ఊళ్ళలో నలుసు పడితే ముందు ఆస్పత్రికి రారు. ఊరికొక ముసలామె ఉంటుంది. కంటిరెప్ప మడిచి, నాలుక కొనతో గుడ్డు మీద ఒక్కసారి రాసి, నలుసు తీసి అరచేతిలో ఉమ్మి చూపిస్తుంది. ఆ తర్వాత నందివర్ధనం పువ్వు రసమో, పసిబిడ్డ తల్లి చనుబాలో పిండుతారు. ఈ నాలుక వైద్యమంటే నాకు ఒళ్ళు మండేది. నోట్లో ఎన్ని క్రిములుంటాయో నేను ఉర్దూలోనూ చదివాను, ఇంగ్లీషులోనూ చదివాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఒకటి రెండేళ్ళకు పైనుంచి ఆర్డరు వచ్చింది. జిల్లాల్లో కళ్ళు చూసే డాక్టర్లందరూ హైదరాబాదు వచ్చి రెండు వారాలు రిఫ్రెషర్ క్లాసులో కూర్చోవాలి, నల్లగుడ్డు జబ్బులకు కొత్త వైద్యం నేర్పుతారు అని. సరిగ్గా కోతల కాలంలో! కుర్చీలో కూర్చుని ఆర్డర్లు రాసేవాళ్ళకు కోతలేమిటి, నాట్లేమిటి. బయలుదేరే రోజు కూడా వరండాలో క్యూ తెగలేదు. పెద్దపల్లిలో రైలెక్కి, కాజీపేట దాకా నిలబడి, అక్కడ మారి, హైదరాబాదులో దిగి మొహం కడుక్కుని క్లాసుకు వెళ్ళాను.

క్లాసులో కోస్తా జిల్లాల డాక్టర్లు చాలామంది. ఇంగ్లీషు గలగలా మాట్లాడతారు. నేను అలవాటు కొద్దీ నోటుబుక్కు కుడివైపు నుంచి తెరిచి, ఉర్దూలో రాసుకుంటున్నాను. పక్కనున్నాయన ఇంకొకాయనకు చూపించి, ఈయన పుస్తకం వెనక నుంచి చదువుతాడు అని నవ్వాడు. నేనూ నవ్వాను, ఏం చేస్తాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్ద డాక్టరుగారు ఒక కొత్త చుక్కల మందు గురించి మొదలుపెట్టారు. కార్టిజోన్ చుక్కలు. నిప్పులా ఎర్రబడిన కన్ను మూడు రోజుల్లో ఎలా తేటపడిందో అంతకుముందే వార్డులో కళ్ళారా చూశాం. ఎన్ని చుక్కలు, ఎన్ని పూటలు అన్నీ రాసుకున్నాను. రాస్తూ రాస్తూ ఎక్కడో రెప్ప వాలింది. పక్కాయన మోచేత్తో పొడిచేసరికి పెద్ద డాక్టరుగారు బోర్డు తుడిచేస్తున్నారు.

ఏం చెప్పారని అడగవచ్చు. అడగలేదు. నిద్ర వచ్చిందంటే ఎవరైనా అర్థం చేసుకుంటారు, ఇంగ్లీషు రాక అడుగుతున్నాడనుకుంటే పరువు పోతుందని నా బాధ. చెప్పాల్సిందంతా చెప్పేసి ఉంటారులే అనుకుని బుక్కు మూసేశాను.

ఊరికి వచ్చాక ఆ చుక్కలతో నా పేరు మోగిపోయింది. ఏ మందు వేసినా మండే కళ్ళకు ఇది వేస్తే చల్లగా ఉండేది. సల్ల సుక్కలు అని పేరు పెట్టారు జనం. హుస్నాబాద్ నుంచి కూడా బస్సెక్కి వచ్చి, పరీక్ష వద్దు సారూ, సల్ల సుక్కలు ఇయ్యుండ్రి చాలు అనేవాళ్ళు. నేను లేని రోజు కూడా ఇవ్వమని కంపౌండర్‌కు చెప్పి ఉంచాను. కొందరికి బాగైంది. కొందరు మళ్ళీ రాలేదు. రానివాళ్ళకు నయమైందనే నేను అనుకునేవాణ్ణి.

అలా ఒక కోతల కాలంలో ఆమె వచ్చింది. ముప్పై దాటిన మనిషి, పెద్దపల్లి వైపు పల్లెటూరు, రెండెకరాల కాపు ఇల్లాలు. వెంట వాళ్ళ అమ్మ. ఆ ముసలామే వాళ్ళ ఊళ్ళో నాలుకతో నలుసులు తీసే మనిషి. నాలుగు రోజుల కిందట కూతురి కుడికంట్లో పొట్టు పడితే తనే తీసిందట. అయినా ఎరుపు తగ్గలేదని తీసుకొచ్చింది. చూశాను. నల్లగుడ్డు మీద నువ్వు గింజంత బూడిదరంగు పుండు. ఇదెంత పని అనుకున్నాను. సల్ల సుక్కలు ఇచ్చాను, మూడో రోజుకల్లా నొప్పి పోయింది. తల్లీకూతుళ్ళు నాకు దండం పెట్టి, సీసా కొంగున కట్టుకుని వెళ్ళారు.

రెండు వారాలకు మళ్ళీ వచ్చారు. ఈసారి కూతుర్ని తల్లి చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. కుడికన్ను నల్లగుడ్డంతా తెల్లగా మెత్తబడి, చీము నిండి, మధ్యలో చిల్లి పడింది. నా చేతుల్లో ఇక ఏమీ లేదు. రోజూ వేశావా అంటే, ఒక్క పూట తప్పలేదంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నా మందు మీద రాలేదు, ముసలామె మీద వచ్చింది. వరండాలో క్యూలో ఉన్నవాళ్ళందరి ఎదుట ఆమెను నిలబెట్టి తిట్టాను. నీ ఎంగిలి నాలుక పెట్టి కూతురి కన్ను తీసేశావు, ఇంకోసారి ఎవరి కంటి మీద నాలుక పెట్టినా పోలీసులకు పట్టిస్తాను అన్నాను. ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను కేసు కాగితం మీద ఇంగ్లీషులో రాశాను, పల్లెలో నాలుకతో నలుసు తీయడం వల్ల కన్ను పోయింది అని. రాసి సంతకం పెట్టి, తర్వాతి మనిషిని రమ్మన్నాను.

నాలుగేళ్ళు గడిచాయి. మళ్ళీ క్లాసు, మళ్ళీ కోతల కాలమే. నలభై దాటాక బల్ల ముందు కూర్చుని, నాకంటే చిన్నవాడు పాఠం చెబితే వినడం అంత సుఖమైన పని కాదు. ఈసారి చెప్పినాయన కుర్రవాడు, ఓపిక గలవాడు. పొలంలో దెబ్బ తగిలిన ఒక రైతు కంటి పుండు నుంచి మొద్దు కత్తి మొనతో కాస్త గీకి, గాజుపలక మీద పెట్టి, మమ్మల్నందరినీ వరసగా మైక్రోస్కోపులో చూడమన్నాడు. నా వంతు వచ్చింది. సన్నటి దారాలు, కొమ్మలు వేసుకుంటూ అల్లుకుపోయి ఉన్నాయి. పాత ఊరగాయ మీద బూజు ఎలా ఉంటుందో అలా. వరి పొట్టుతో, ఆకుతో ఈ బూజు కంట్లోకి పోతుంది అన్నాడు. దీని మీద కార్టిజోన్ చుక్కలు వేస్తే ఎరుపూ నొప్పీ తగ్గుతాయి, లోపల బూజుకు మాత్రం ఎదురుండదు, నల్లగుడ్డును తినేస్తుంది అన్నాడు. కొత్త సంగతేమీ కాదండీ, పుండున్న కంటికి ఈ చుక్కలు తగవని మొదటి క్లాసులోనే చెప్పారుగా అన్నాడు.

నా సంచిలో పాత నోటుబుక్కు ఉంది. రెండు క్లాసులకూ ఒకటే బుక్కు, సగం ఖాళీగా ఉంది కదా అని తెచ్చుకున్నాను. తెరిచాను. ఎన్ని చుక్కలు, ఎన్ని పూటలు అన్నీ చక్కగా ఉన్నాయి. దాని కింద, "నల్లగుడ్డు మీద పుండు ఉంటే" అని మొదలైంది వాక్యం. అక్కడి నుంచి కలం కిందికి జారి, కాగితం అంచు దాకా ఒక వంకర గీత. అంతే. ఇన్నేళ్ళుగా ఆ బుక్కు నా బల్ల సొరుగులోనే ఉంది, ఒక్కసారి తెరిచి చూసిన పాపాన పోలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. పక్కన ఎవరో టీ తాగుదాం రండి అన్నారు. మీరు వెళ్ళండి అన్నాను.

తిరిగి రాగానే చుక్కల సీసాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. కంపౌండర్ తల గోక్కుని, జనం ఊకుంటరా సార్ అన్నాడు. ఊరుకోలేదు. నేను పట్నం పోయి వచ్చి మంచి మందు దాచిపెడుతున్నానని చెప్పుకున్నారు. కఫం పరీక్షలకు వాడే మైక్రోస్కోపు ఒకటి ఉంటే దాన్ని తుడిచి, నా గదిలో పెట్టుకున్నాను. వారం తిరగకముందే కుడికన్ను పోయిన ఆమె మళ్ళీ వచ్చింది.

ఈసారి ఎడమకన్ను. ఆమెకు మిగిలింది అదొక్కటే. భర్త చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. మీ అవ్వ రాలేదా అని అడిగాను. గేటు దగ్గర కూర్చుందట, లోపలికి రానందట. కల్లంలో పొట్టు పడిన క్షణంలోనే కూతురు తల్లి దగ్గరికి పరుగెత్తి తీయమని బతిమాలిందట. డాక్టర్ సాబు వద్దన్నడు, నా నాలిక మంచిది కాదు అని ముసలామె ఏడ్చుకుంటూ కూర్చుందే గానీ ముట్టుకోలేదట. నాలుగేళ్ళుగా ఎవరి కంటినీ ముట్టుకోలేదు, ఊళ్ళో పిల్లలు కూడా ఆమెను చూసి కండ్లు మూసుకునేవాళ్ళట. పొట్టు రెప్ప కింద రెండు రోజులు గీరుతూ ఉండిపోయింది. అది భర్త మామూలుగా చెప్పుకుపోతున్నాడు. నేను రెప్ప తిప్పి ఆ పొట్టు తీశాను, గోరులో పదో వంతు లేదు. దాని ఎదురుగా నల్లగుడ్డు మీద నువ్వు గింజంత బూడిదరంగు పుండు. గీకి చూస్తే అవే దారాలు.

ఆ రోజుల్లో దానికి నా దగ్గరున్నది మొరటు వైద్యమే. రోజూ పుండు గీకాలి, పుల్ల మొనకు టింక్చర్ అయోడిన్ ముంచి పుండు మీద అద్దాలి. తిమ్మిరి చుక్కలు వేసినా ఆ మంట ఆగదు. మొదటి రోజు ఓర్చుకుంది. రెండో రోజు మంచం పట్టీ పట్టుకుని వణికింది. మూడో రోజు నేను పుల్ల ముంచుతుంటే మొహం పక్కకు తిప్పేసింది.

"సారూ, పోయినసారి ఏసిన మందు సల్లగుండె. గిదేంది, నిప్పు పెట్టినట్టు మండుతుంది. గా మందే ఎయ్యరాదు?"

భర్త అప్పటికే మూట కడుతున్నాడు. పెద్దపల్లిలో ఒకాయన సల్ల సుక్కలు ఇస్తున్నాడట, అక్కడికి తీసుకుపోతానన్నాడు. బీదోళ్ళమని మాకు మండే మందు పెడుతున్నావు అని కూడా అన్నాడు. వెళ్తే ఆ కన్ను నెల తిరగకుండా పోతుంది. ఆపడానికి నా దగ్గర ఒక్క మాటే ఉంది, అది చెప్పడానికి నోరు రావడం లేదు. గవర్నమెంటు డాక్టరు తప్పయిందని రోగికి చెప్పడం నేను ఎక్కడా చూడలేదు, ఏ క్లాసులోనూ వినలేదు. చివరికి స్టూలు మీద కూర్చుని చెప్పేశాను. అమ్మా, నీ కుడికన్ను ఆ చల్లటి చుక్కల వల్లే పోయింది. ఇచ్చింది నేను. ఎక్కడ వాడకూడదో పట్నంలో చెబుతుంటే నిద్రపోయాను. ఇప్పుడు మళ్ళీ అవే వేస్తే ఇది కూడా పోతుంది అన్నాను.

భర్త మూట వదిలేసి నా మీదికి ఒక అడుగు వేశాడు. కొడతాడనుకున్నాను, కొడితే పడదామనే ఉన్నాను. ఆమె మాత్రం కదల్లేదు. మంచం మీది నుంచే అడిగింది.

"గట్లయితే మా అవ్వ తీసినందుకు గాదా?"

కాదమ్మా అన్నాను. ఆమె మొహం నా వైపు తిప్పి, కన్ను తనే రెండు వేళ్ళతో తెరిచి పట్టుకుంది. పెట్టు సారూ అంది. పెట్టాను. మంట తగ్గాక, గీ మాట మా అవ్వకు నువ్వే చెప్పాలె అని మాత్రం అంది.

ఆ సాయంత్రం గేటు దగ్గరికి వెళ్ళాను. ముసలామె గోడకు ఆనుకుని, కూతురి కోసం తెచ్చిన జొన్న గటక డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, పక్కన గొంతుకూర్చుని, మెల్లగా చెప్పాను. అవ్వా, ఆ రోజు తప్పు నీది కాదు, నాది అని. ఆమె నన్ను తేరిపార చూసింది.

"గా నాడు గంతమంది ముంగట తిడితివి. గిప్పుడు శెవుల జెప్పుడేంది సారూ?"

లేచి వచ్చేశాను. సిగ్గుగానూ ఉంది, కోపంగానూ ఉంది. రోజుకు ఎంతమందిని చూస్తాను, ఎంత తిరుగుతాను, ఎంత ఆలస్యంగా అన్నం తింటాను, ఇంకా నేనేం చెయ్యాలి అని నాలో నేనే గొణుక్కున్నాను. ఆ రోజుల్లో ఎంత అలసిపోయేవాణ్ణంటే, నా అలసటే నాకు సాకుగా కనపడేది. కుడికన్ను పోయిన మనిషికి నా అలసటతో పనేమిటి?

తర్వాత మూడు వారాలు ఆ ఎడమకంటి చుట్టే తిరిగాను. పొద్దున లేస్తే అదే చూసేవాణ్ణి. ఒక రోజు పుండు అంచు పాకినట్టు కనపడేది, ఆ రోజు అన్నం సయించేది కాదు. ఒక రోజు అడుగున చీము గీత కనపడింది, ఇక అయిపోయిందనుకున్నాను. ఆమె మాత్రం ఒక్కసారి కూడా మొహం తిప్పలేదు. పదిహేను రోజులకు చీము ఇంకిపోయింది. పుండు అంచులు తేటపడ్డాయి. ఇంకొక వారానికి నల్లగుడ్డు మీద ఒక పక్కగా చిన్న పువ్వు మిగిలింది, నడిమధ్య ఖాళీ. కట్టు తీసి, నా వేళ్ళెన్ని అని అడిగితే, ముందు వేళ్ళు చెప్పింది, తర్వాత నీ అంగీకి గుండీ ఊడింది సారూ అంది. నాకు నవ్వు వచ్చింది, కళ్ళు చెమర్చాయి కూడా.

ఇంటికి పంపే రోజు పొద్దున వరండాలో క్యూ నిండుగా ఉంది. నేను గేటు దాకా వెళ్ళి ముసలామెను లోపలికి రమ్మన్నాను. రానంది. చెయ్యి పట్టుకుని, ఆ రోజు నిలబెట్టిన స్తంభం దగ్గరే నిలబెట్టాను. నాలుగేళ్ళ కిందట ఈమెను ఇక్కడే తిట్టాను, ఈమె కూతురి కన్ను పోయింది ఈమె నాలుక వల్ల కాదు, నేను ఇచ్చిన మందు వల్ల, పట్నంలో పాఠం చెబుతుంటే నేను నిద్రపోయాను అని అందరికీ వినపడేలా చెప్పాను. నాలుకతో తీయమని నేను ఇప్పటికీ అనను, కానీ ఆ తప్పు ఈమెది కాదు అన్నాను. క్యూ వెనక నుంచి ఎవరో, గట్లయితే సల్ల సుక్కలు ఇయ్యవా సారూ అని అడిగారు. ఇయ్యను అన్నాను. ఇద్దరు ముగ్గురు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

ముసలామె కూతురి దగ్గరికి వెళ్ళి, బొటనవేలితో ఎడమకంటి రెప్ప ఎత్తి, వెలుతురుకు తిప్పి, నేను చూసినట్టే నిదానంగా చూసింది. జర పువ్వు పడ్డది గానీ బతికింది అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నిద్రొస్తే పండాలె కొడుకా. గట్ల కూసోని తూగుకుంట ఏం నేర్సుకుంటవు?"

క్యూలో కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. నాలుగేళ్ళ బరువు దిగిపోయిందనే అనుకున్నాను. పాత కేసు కాగితం వెతికించి, నేను రాసిన వాక్యం కొట్టేసి, నిజం రాసి, కింద సంతకం చేశాను. తల్లి గటక డబ్బా సర్దుకుంటోంది, భర్త బస్సు వచ్చే వేళయిందని తొందరపెడుతున్నాడు. ఆమె మాత్రం నా బల్ల ముందు నిలబడే ఉంది. ఇన్ని రోజుల్లో తన సంగతి తాను ఒక్క మాటా అడగలేదు. కుంగిపోయిన కుడికంటి మీద చెయ్యి పెట్టుకుని అప్పుడు అడిగింది.

"సారూ, అప్పుడే గీ మండే మందు పెట్టి ఉంటే, గీ కన్ను గూడ బతుకునా?"

అబద్ధం చెప్పడానికి ఎన్నో దారులున్నాయి. చెప్పలేమమ్మా అనవచ్చు, దేవుడి దయ అనవచ్చు. ఆ పుండు కూడా నువ్వు గింజంతే ఉండింది.

బతికేదమ్మా అన్నాను.

ఆమె తల ఊపింది. ఎడమకంటితో నన్ను కాసేపు చూసింది. తర్వాత తల్లి చెయ్యి పట్టుకోకుండా, తనే మెట్లు దిగి, పెద్దపల్లి బస్సు వైపు నడిచింది.